టైల్స్ ఆర్డర్ ఇచ్చే ముందు టేపు పట్టుకోండి

షోరూమ్‌లో లైట్ల కింద నిలబెట్టిన 4 బై 2 టైల్ ఎవరికైనా నచ్చుతుంది. అది మీ బెడ్‌రూమ్‌కు నప్పుతుందో లేదో తేల్చాల్సింది మాత్రం గది కొలతే. ప్లాస్టరింగ్ పూర్తయ్యేదాకా టైల్స్ ఆర్డర్ ఇవ్వకండి. ఇటుక గోడకు తీసిన కొలతలో రెండు వైపులా ప్లాస్టరింగ్‌కే దాదాపు అంగుళం పోతుంది. ఇంకో సంగతి, మనం 2 బై 2 అని పిలిచే టైల్ నిజానికి 600 మిల్లీమీటర్లే, రెండడుగులంటే దాదాపు 610. టైల్‌కు నాలుగు చదరపు అడుగులని లెక్కేస్తే సరుకు తక్కువ పడుతుంది. వచ్చేది 3.87 మాత్రమే.

ఈ చిన్న తేడా ఎక్కడ బయటపడుతుందో చూడండి. గది లోపలి వెడల్పు 10 అడుగుల 2 అంగుళాలు అనుకుందాం. ఒక గోడ నుంచి మొదలుపెట్టి ఐదు టైల్స్ వేస్తే, టైల్స్ మధ్య సందులు, గోడల వెంట వదిలే ఖాళీ పోను, అవతలి గోడ పక్కన మూడంగుళాల ముక్క పడుతుంది. అది చూడ్డానికి బాగోదు, కోసేటప్పుడు విరుగుతుంది కూడా. అదే గది మధ్యలో దారం కట్టి, నాలుగు నిండు టైల్స్ మధ్యకు తెచ్చి పేరిస్తే రెండు వైపులా 13 అంగుళాల ముక్కలు వస్తాయి. కొన్ని టైల్స్ ఎక్కువ పడినా గది నిండుగా కనిపిస్తుంది. మిగిలిన ముక్కలు స్కర్టింగ్‌కు, అంటే గోడ అడుగున వేసే పట్టీకి పనికొస్తాయి. కాబట్టి సిమెంటు కలపక ముందే ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా పొడిగా పేర్చి చూపించమని మేస్త్రీని అడగండి. అరగంట పని. మూలమట్టం కూడా అప్పుడే తెలిసిపోతుంది. గోడ వంకరగా ఉంటే ఆ వంకర తలుపు ఎదురుగా రాకుండా మంచం కిందికో, బీరువా వెనక్కో తోయొచ్చు.

పన్నెండు అడుగుల లోపు గదులకు 2 బై 2 చాలని నా అభిప్రాయం. పెద్ద హాలుకు 4 బై 2 అందమే, కాకపోతే కింద మట్టం బాగా కుదరాలి.

డిజైన్ విషయానికొస్తే, పొడవాటి టైల్స్‌ను ఇటుక వరుసలా సగానికి సగం జరిపి వేయించకండి. పొడుగు టైల్ బట్టీలో కాలేటప్పుడు మధ్యలో కొద్దిగా ఉబ్బే అవకాశం ఉంది. సగానికి జరిపితే ఒక టైల్ ఉబ్బు పక్కనే ఇంకో టైల్ అంచు వచ్చి కాలికి తగులుతుంది. రెండు టైల్స్ ముఖాలు ఎదురెదురుగా ఆనించి చూడండి, నాలుగు మూలల్లో సందు కనిపిస్తే ఉబ్బు ఉన్నట్టే. చెక్క డిజైన్ ఉన్న నాలుగడుగుల పట్టీలైతే మూడో వంతుకు మించి జరపకూడదు. ఐమూలగా వేయిస్తే వేస్టేజీ 15 శాతం దాకా పోవచ్చు, నేరుగా వేస్తే అందులో సగం చాలు. టైల్ వెనక బాణం గుర్తుంటే అన్నీ ఒకే దిక్కుకు ఉండాలి.

అతుకే లేకుండా వేస్తామని మేస్త్రీ గొప్పగా చెప్తే ఒప్పుకోకండి. టైల్‌కూ టైల్‌కూ మధ్య సందు ఉండేలా రెండు మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టించండి. గోడల వెంట ఆరేడు మిల్లీమీటర్లు ఖాళీ వదిలించండి, అది స్కర్టింగ్ కింద కనిపించదు. ఈ ఖాళీ లేని ఇళ్లలో ఎండలకు టైల్స్ వ్యాకోచించి, ఒకదాన్నొకటి నెట్టుకుని ఉన్నట్టుండి పైకి లేస్తాయి. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చదు, ఉత్త సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టవు. టైల్ అడెసివ్ (టైల్స్ అతికించే జిగురు) ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

బాత్రూమ్‌లో నునుపు టైల్ వద్దే వద్దు. ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీను. అడుగు బై అడుగు మ్యాట్ టైల్ అయితే నీళ్ల తూము వైపు వాలు సులువుగా కుదురుతుంది. అంతకుముందు వాటర్‌ప్రూఫింగ్ మీద రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింది స్లాబు చెమ్మగిల్లుతోందేమో చూసుకోండి.

తలుపులు బిగించే కార్పెంటర్‌కు ఫ్లోర్ ఎంత మందం వస్తుందో ముందే చెప్పండి, లేకపోతే తలుపు అడుగు కోయాల్సి వస్తుంది.

సరుకు దిగగానే ప్రతి పెట్టె మీద షేడ్, బ్యాచ్ నంబర్లు ఒకటేనా అని చూడండి. ఒక పెట్టె అదనంగా దాచుకోండి, తర్వాత అదే షేడ్ దొరకడం కష్టం. వేసిన మర్నాడు ప్రతి టైల్ మూలల్లో నాణెంతో తట్టండి. గుల్ల శబ్దం వస్తే పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. టైల్స్ మధ్య సందుల్లో గ్రౌట్ నింపకముందే అయితే పక్క టైల్ దెబ్బతినకుండా దాన్ని తీయించి మళ్లీ వేయించుకోవచ్చు.