గట్టు మీద ఉంచిన పడవ: ఇంజన్ ఎందుకు ఆగిపోయేదంటే

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లోని చాగ్వారామస్ పడవల యార్డులో మా తెరచాప పడవ జూన్ నుంచి నవంబర్ దాకా, హరికేన్ సీజన్ అంతా గట్టు మీదే ఉంది. ఉత్తరాన ఉన్న గ్రెనడా దీవికి బయల్దేరే ముందు బాగా టెన్షన్ పెట్టింది ఇంజనే. బకెట్‌లోంచి చల్లనీళ్లు అందిస్తూ స్టార్ట్ చేస్తే కాసేపు ఆడి, ఊపిరాడనట్టు ఆగిపోయేది.

డీజిల్‌ని వడకట్టే ఫిల్టర్ కింద ఉన్న పారదర్శకపు గిన్నె విప్పి చూశాను. అడుగున నీళ్లు, వాటి పైన నల్లటి జిగురు. సగం ఖాళీ ట్యాంకులో గాలిలోని తేమ నీరుగా మారి కిందికి దిగుతుంది. ఆ నీళ్లూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫిల్టర్ ఒక్కటే మారిస్తే చాలదు. అలలకి ట్యాంకు కుదిలితే మడ్డంతా లేచి నడిసముద్రంలో మళ్లీ అడ్డుపడుతుంది.

అందుకే ట్యాంకు మూత తీసి, అడుగుదంతా పంపుతో లాగేసి, గోడలు గుడ్డతో తుడిచాను. కొత్త డీజిల్ నిండా పోసి, సూక్ష్మజీవుల్ని చంపే మందు డబ్బా మీది కొలత ప్రకారం కలిపాను. రెండు ఫిల్టర్లూ మార్చి, డీజిల్ గొట్టాల్లో చేరిన గాలి పోయేలా స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టాను. ఇంజన్ నిలకడగా ఆడింది.

ఇంజన్‌కి చల్లనీళ్లు అందించే పంపులో నీటిని తోసే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకున్నాయి, అదీ మార్చేశాను. తెరచాపల బూజు కడిగితే పోయింది. తర్వాత తెరచాప స్తంభాన్ని నిలబెట్టి పట్టే స్టీలు తీగలు చూశాను. కింది చివర తుప్పు చారలు కనిపించిన తీగని మాత్రం కడిగి వదిలేయకుండా మార్పించాను.