నలుగురు కలిసి వరికోత మిషన్ కొనేముందు జాగ్రత్తలు

మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాల్వ కింద, వాటాలేసి హార్వెస్టర్ కొందామనుకునేవాళ్లు సంతకాలకు ముందే ఇవి చూసుకోండి. అమెరికాలో నెట్‌జెట్స్ కంపెనీ 1986లో విమానాలను వాటాలుగా అమ్మడం మొదలుపెట్టింది. ఆ లెక్కల పద్ధతి మనకూ పనికొస్తుంది.

– వాటాను గంటల్లో రాసుకోండి. అక్కడ విమానంలో పదహారో వంతు వాటా అంటే ఏడాదికి 50 గంటలు వాడుకోవచ్చు. ‘అందరిదీ’ అని వదిలేస్తే యాసంగి కోతల్లో గొడవే. వడ్లన్నీ ఒకేసారి పండుతాయి, మబ్బు పట్టిందంటే అందరికీ టెన్షనే. అక్కడైతే విమానం ఖాళీ లేకపోతే కంపెనీ ఇంకోటి పంపుతుంది. మనకున్నది ఒక్కటే మిషన్. ఎవరి పొలం ముందో, చీటీలేసైనా సరే, నెల ముందే తేల్చుకోండి.

– మిషన్ మడిలో దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు అవర్ మీటర్ (ఇంజిన్ నడిచిన గంటలు చూపించేది) ఫొటో తీసి గ్రూపులో పెట్టండి.

– ఖర్చులు కలపొద్దు. జెట్ కంపెనీలు కొన్న ధర, నెలవారీ నిర్వహణ, ఎగిరిన గంటల చార్జీ విడివిడిగా తీసుకుంటాయి. మనమూ డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్ అయితే వాటా ప్రకారం; డీజిల్, బ్లేడ్లు, బెల్టులు నడిచిన గంటల ప్రకారం పంచుకోవాలి.

– ఆర్‌సీ, లోను ఒకరి పేరునే ఉంటే మిగతావాళ్ల వాటాలు స్టాంపు పేపరు మీదికెక్కాలి.

– ఎప్పుడు అమ్మాలో ఇప్పుడే రాయండి. అక్కడ చాలా ఒప్పందాలు ఐదేళ్లవి. గడువు ముగిశాక అప్పటి మార్కెట్ ధరకే లెక్క కడతారు. మా ఊళ్లో ధర తెగక ఒక మిషన్ రెండు సీజన్లు షెడ్డులోనే ఉండిపోయింది, బెల్టులు ఎలుకలు కొరికేశాయి.