వరద ముందు కుక్క మోకాలి ఆపరేషన్: వారాలు లెక్కపెట్టుకోండి

జూన్ వచ్చిందంటే మా లంకల్లో అందరి నోటా ఒకటే లెక్క. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇంట్లో మోకాలి ఆపరేషన్ కావలసిన కుక్క ఉన్నవాళ్ళు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. కోసిన ఎముక అతకడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. ఈ రెండు లెక్కలూ ఒకదాని మీద ఒకటి పడకూడదు. మేం ఆ సంగతి ఆలోచించలేదు. 34 కిలోల మా లాబ్రడార్‌కి జూన్ మూడో వారంలో ఆపరేషన్, దాంతో పాటు ఎముక బాగా అతకాలని స్టెమ్ సెల్ ఇంజెక్షన్ చేయించి, ఆపరేషన్ అయిన నాలుగో వారానికి గోదారి గట్టు ఎక్కేసరికి తలపట్టుకున్నాం.

ముందు ఆపరేషన్ ఏంటో తెలిస్తే జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. మోకాల్లో పై ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ తెగితే కుక్క ఆ కాలు సరిగ్గా మోపలేదు. పెద్ద కుక్కలకి ఎక్కువగా చేసేది టీపీఎల్ఓ. ఇందులో తెగిన లిగమెంటుని కుట్టరు. మోకాలి కింది ఎముక పైభాగాన్ని గుండ్రంగా కోసి, దాని వాలు తగ్గేలా తిప్పి, ప్లేటూ స్క్రూలతో బిగిస్తారు. అంటే డాక్టరే కావాలని ఎముక కోసి, మళ్ళీ అతుక్కోమంటున్నాడన్నమాట. అతికేదాకా బరువంతా ఆ ప్లేటూ ఆ స్క్రూలే మోయాలి.

ఆపరేషన్‌తో పాటు చేసే స్టెమ్ సెల్ ఇంజెక్షన్ ఈ అతుకు కోసమే. కుక్క సొంత కొవ్వులోంచో, ఎముక మజ్జలోంచో తీసిన కణాల్ని గానీ, వేరే కుక్క నుంచి తీసి ల్యాబ్‌లో పెంచిన కణాల్ని గానీ, కోత దగ్గరో మోకాలి కీలులోనో ఎక్కిస్తారు. ఆ కణాలే ఎముకగా మారిపోతాయని చాలామంది అనుకుంటారు. ఎక్కువగా అవి చేసేది అది కాదు. ఊడ్పులప్పుడు మేస్త్రీ తను నాటకుండా కూలీల్ని పిలుచుకొచ్చి వరసలో పెట్టినట్టు, అవి వాపుని తగ్గించి, ఒంట్లో ఉన్న మరమ్మతు కణాల్ని పనిలోకి దించుతాయి. 2017లో అచ్చయిన ఒక చిన్న పరిశీలనలో టీపీఎల్ఓ చేసిన 16 కుక్కల్లో కొన్నింటికి కీలులో ఒక్క స్టెమ్ సెల్ ఇంజెక్షన్, మిగతావాటికి నొప్పి మాత్రలు ఇచ్చి చూశారు. నెల తర్వాత ఎక్స్‌రేలో ఇంజెక్షన్ చేసిన కుక్కల అతుకు మెరుగ్గా కనిపించింది. బాగానే ఉంది, కానీ పదహారంటే పదహారే. దీన్నిబట్టి ఎనిమిది వారాల్ని నాలుగుకి కుదించెయ్యొచ్చని ఏ డాక్టరైనా చెప్తే, నేనైతే ఇంకో డాక్టరుని అడుగుతాను.

మా పక్కింటాయనకి మాత్రం ఏ అనుమానమూ లేదు. "ఆయ్, అంత డబ్బెట్టి ఇంజెక్షన్ చేయించారు కదండీ, ఇంకా ఎందుకండీ దాన్ని కట్టేసుంచడం?" అన్నాడు. నేను కాస్త మెత్తబడ్డాను. ఆ వారమే నీళ్ళు పెరట్లోకి వచ్చాయి. ధాన్యం బస్తాలు అరుగు మీదికి ఎక్కించే హడావుడిలో గొలుసు వదిలేశాం. అరుగు కింద మా పడవ కనిపించగానే వాడు ఎప్పట్లాగే ఒక్క దూకు దూకాడు. కెవ్వుమని ఒక్కసారి అరిచి, కాలు పైకెత్తి నిలబడ్డాడు. ఒక స్క్రూ వదులైంది. మళ్ళీ ఆపరేషన్ దాకా పోలేదు గానీ, గదిలో ఇంకో ఆరు వారాలు. కాబట్టి ఇంజెక్షన్ ఉన్నా లేకపోయినా వారాలు వారాలే.

అందుకే తేదీతో మొదలుపెట్టండి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో చేయిస్తే జూన్ నాటికి ఎముక గట్టిపడుతుంది. వేసవి దాటిపోయి, కాలు ఇప్పుడే కుంటుతుంటే మాత్రం వరదలయ్యాక చూద్దాంలే అని మీరే నిర్ణయించుకోకండి. లిగమెంట్ తెగిన మోకాలు కదిలే కొద్దీ లోపల రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలిగిపోతుంది. డాక్టరుకి మీ ఊరి పరిస్థితి విడమరిచి చెప్పండి. "మాది ఏటిగట్టుకి లోపలండీ, జూలైలో పడవ మీదే రాకపోకలు" అంటే ఆయనకి వేరే ఆలోచన తడుతుంది. కుదిరితే ఆ రెండు నెలలూ కుక్కని కాకినాడలోనో రాజమండ్రిలోనో బంధువుల ఇంట్లో పెట్టండి. అక్కడ ఒక గది చాలు.

ఆపరేషన్‌కి ముందు తప్పకుండా చూడాల్సింది పిడుదులు. మన దగ్గర పశువులున్న ఇళ్ళల్లో కుక్క చెవుల వెనక, కాలివేళ్ళ సందుల్లో ఒక్క పిడుదైనా ఉంటుంది. పిడుదు కాటుతో వచ్చే ఎర్లిషియా జ్వరం ప్లేట్‌లెట్లని పడగొడుతుంది. పైకి కుక్క హుషారుగానే ఉంటుంది, కత్తి పెట్టాక రక్తం ఆగదు. కొందరు డాక్టర్లు స్టెమ్ సెల్స్‌తో పాటు దాని సొంత రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం కూడా ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లే పడిపోయి ఉంటే అందులో ఏముంటుంది? రక్తపరీక్షలో ప్లేట్‌లెట్ల సంఖ్య చూడకుండా తేదీ ఖాయం చేసుకోకండి. వరదనీటిలో ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ ఇంకొకటి. కుక్కకీ వస్తుంది, మనకీ వస్తుంది. దానికి టీకా ఉంది, వేసవిలోనే వేయించి ఉంచాలి.

స్టెమ్ సెల్ సంగతి మాట్లాడేటప్పుడు మొహమాటపడకండి. కణాలు మా కుక్కవేనా, వేరే కుక్కవా? ల్యాబ్‌లో సూక్ష్మజీవులు లేవని పరీక్ష చేశారా, కాగితం ఉందా? ఎక్కడి నుంచి వస్తాయి, ఎన్ని గంటల్లో ఎక్కించాలి? ఈ ఆఖరి ప్రశ్న మనకి మరీ ముఖ్యం. గేదెలకి సూదులేసే డాక్టరు గారు వీర్యాన్ని ద్రవ నత్రజని డబ్బాలో ఎలా తెస్తారో చూశారుగా, గడ్డకట్టించిన కణాలూ అలాగే ప్రయాణిస్తాయి. ఒకసారి కరిగించాక వాటికి కొద్ది గంటలే ఆయుష్షు. దారిలో కాజ్‌వే మునిగితే ఆ ఖర్చు నీళ్ళపాలే. అందుకని ఇంజెక్షన్ ఎక్కడ చేస్తారో కుక్కనే అక్కడికి తీసుకెళ్ళండి, మందుని ఊరికి రప్పించాలని చూడకండి. కుక్కకి ఎముక కేన్సర్ అనుమానం ఉన్నా, మోకాల్లో చీము ఉన్నా ముందు ఆ సంగతి తేలాలి. అప్పటిదాకా కణాల మాటే వద్దు.

ఇక ఇల్లు. మన గచ్చులూ టైల్సూ వానాకాలం చెమ్మకి నూనె పూసినట్టుంటాయి. కాలు ఒక్కసారి పక్కకి జారితే చాలు. కోనసీమలో కొబ్బరి పీచు పట్టాలకి కొదవా? కుక్క తిరిగే గది నిండా పరవండి, గోనెలైనా సరే. తడిస్తే మార్చడానికి రెండో జత ఉంచుకోండి. మంచం, సోఫా, అరుగు ఏదీ ఎక్కకూడదు, దిగకూడదు. బయటికి తీసుకెళ్ళేది దొడ్డికీ ఒంటికీ మాత్రమే, అదీ ఐదు నిమిషాలు, గొలుసుతో. పొట్ట కింద నుంచి పాత తువ్వాలు వేసి రెండు చివర్లూ పైకి పట్టుకుంటే వెనక భాగం బరువు మీ చేతిలో ఉంటుంది. పడవ ఎక్కించాల్సొస్తే ఇద్దరుండాలి. ఒకరు ఛాతీ కింద, ఒకరు తుంటి కింద చేతులు పెట్టి, కాలు వేలాడకుండా ఎత్తాలి. ముందు ఇంట్లో రెండు మూడుసార్లు అలవాటు చేయండి, లేకపోతే నీళ్ళ మధ్య గింజుకుంటాడు.

కుట్లు విప్పేదాకా, అంటే పది పన్నెండు రోజులు, గాయానికి చుక్క నీరు తగలకూడదు. వానలో బయటికి తీసుకెళ్ళేటప్పుడు కాలికి పాలిథిన్ సంచి తొడిగి, లోపలికి రాగానే తీసెయ్యండి. తొడిగే ఉంచితే లోపల చెమట పట్టి గాయం నానుతుంది. వరదనీళ్ళలో తడిస్తే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి.

మందులు రెండు వారాలకి సరిపడా ముందే తెచ్చుకోండి, దారులు మూసుకుపోతే మెడికల్ షాపు కూడా దూరమే. ఇంట్లో మనం వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కుక్కకి ఇవ్వకండి. అర మాత్రే కదా అని ఇస్తే పొట్టలో పుండ్లు, కిడ్నీలో కాలేయమో పాడు. తిండి తగ్గించండి, కదలకుండా కూర్చున్న కుక్క మూడు వారాల్లో ఒళ్ళు చేస్తుంది, ఆ బరువంతా ప్లేటు మీదే. పులస పులుసు వాసనకి వాడు గుమ్మం దగ్గరే కూర్చుంటాడని తెలుసు. అయినా ముల్లున్న ముక్క వేయకండి, మా ఆవిడ వేసింది, దాని కథ వేరే.

కాలు మోపడం మొదలుపెట్టిన కుక్క ఉన్నట్టుండి మోపడం మానేస్తే, గాయం దగ్గర వేడి, వాపు, చీము వాసన వస్తే, నడిచేటప్పుడు టక్‌మని చప్పుడైతే వాన తగ్గేదాకా ఆగకండి. మీ ఊరికి పశువుల అంబులెన్సు రాగలిగితే 1962కి ఫోన్ చేయండి. లేదంటే కాలి వీడియో తీసి ఆపరేషన్ చేసిన డాక్టరుకి పంపండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తీసే ఎక్స్‌రే తేదీ వరదలో పడేలా ఉంటే ముందే మార్చుకోండి. ఆ ఎక్స్‌రే చూసి డాక్టరు సరే అనేదాకా గొలుసు విప్పకండి.

2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు మా ఇంట్లో చేతికందినవి అందినట్టు సర్దుకుని గట్టెక్కాం. ఇప్పుడు ఏటా మే నెలాఖరుకే వరద సంచి సిద్ధం. అందులో ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్‌పుస్తకం, వాటితో పాటు జిప్ కవర్లో వాడి ఎక్స్‌రేలు, ప్లేటు సైజు రాసిన డిశ్చార్జి కాగితం, ఆ పాత తువ్వాలు.