ఇంట్లో పగడాల అక్వేరియం: లైటును, తొలి పగడాలను ఎలా ఎంచుకోవాలి?

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవారిలో చాలామంది ముందుగా ఖరీదైన లైటు కొని, ఆ తరువాత దాని కింద ఏ పగడాలు పెట్టాలా అని ఆలోచిస్తారు. ఈ వరుసను తిరగవేయడం మంచిది. పగడం జంతువే అయినా, దాని కణజాలంలో నివసించే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసే ఆహారం మీదే అది ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ అవసరం జాతిని బట్టి ఎంతో మారుతుంది కాబట్టి, ఏవి పెంచాలో తేల్చుకున్నాకే లైటు సంగతి చూడాలి.

మొదట చేయవలసినది: పగడాల ఎంపిక

భారతదేశంలో ఉన్నవారు ముందుగా చట్టాన్ని గమనించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నింటినీ, నల్ల పగడాలను, సీ ఫ్యాన్లను, ఫైర్ కోరల్‌ను, ఆర్గన్ పైప్ కోరల్‌ను 2001లో చేర్చారు. అందువల్ల హ్యామర్, టార్చ్, డంకన్ వంటి రాతి పగడాలు దుకాణంలో కనిపించినా, చట్టబద్ధమైన పత్రాలు చూపలేని వ్యాపారి దగ్గర వాటిని కొనకూడదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగువారికి తొట్లలోనే పెంచి కోసిన పగడపు ముక్కలు (వీటినే ఫ్రాగ్‌లు అంటారు) సులభంగా దొరుకుతాయి. ఏ దేశంలో ఉన్నా, తొలి ఏడాదికి రాతి పగడాల అవసరం లేదన్నదే నా అభిప్రాయం.

కొత్తవారికి అన్నింటికంటే అనువైనవి మష్రూమ్‌లు, అంటే పుట్టగొడుగు ఆకారంలో ఉండే మెత్తని పగడాలు. తక్కువ వెలుగులో, నెమ్మదైన ప్రవాహంలో హాయిగా బతుకుతాయి, నీటిలో చిన్నచిన్న హెచ్చుతగ్గులను ఓర్చుకుంటాయి. లెదర్ కోరల్ అనే మరో మెత్తని పగడం కూడా తట్టుకునే రకమే. అయితే అది అప్పుడప్పుడు కొన్ని రోజులపాటు ముడుచుకుపోయి, పైన మైనంలాంటి పొరను వదులుతుంది. చనిపోయిందనుకొని పారవేయకుండా, ఆ పొర కొట్టుకుపోయేలా ప్రవాహాన్ని కాస్త పెంచితే చాలు. గ్రీన్ స్టార్ పాలిప్ పచ్చగడ్డిలా అందంగా పరుచుకుంటుంది గానీ, అసలు సమస్య ఆ పరుచుకోవడమే. దానిని ప్రధాన రాళ్లకు తగలకుండా, ఇసుక మధ్య విడిగా ఉన్న రాతిపై పెట్టకపోతే పొరుగు పగడాలను కప్పేస్తుంది.

గుంపులుగా పెరిగే, పగడాలకు దగ్గరి బంధువులైన జోవాంథిడ్‌లు రంగులకు పేరుపొందినవి, పెంచడమూ తేలికే. అయితే ఈ వర్గంలోని కొన్నింటిలో, ముఖ్యంగా పాలిథోవాలలో, పాలిటాక్సిన్ అనే అత్యంత ప్రమాదకరమైన విషం ఉంటుంది; దానిని హవాయిలో దొరికిన ఒక పాలిథోవా నుంచి 1971లో వేరుచేశారు. వీటిని ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, కోసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. ఇవి అంటుకున్న రాయిని శుభ్రం చేయడానికి వేడినీళ్లు పోయడం గానీ, మరిగించడం గానీ ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు, ఎందుకంటే ఆ ఆవిరి పీల్చిన కుటుంబాలు ఆసుపత్రి పాలైన సందర్భాలు ఉన్నాయి.

రెండవది: కావలసిన వెలుగును లెక్కించడం

పగడాల వెలుగును వాట్లలో కాక పార్ అనే కొలతలో చూస్తారు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం గల కాంతి ఒక చోట ఎంత పడుతోందో అది చెబుతుంది. మష్రూమ్‌లకు సుమారు 30 నుంచి 80 పార్, జోవాంథిడ్‌లకు, లెదర్, గ్రీన్ స్టార్ పాలిప్‌లకు సుమారు 75 నుంచి 150 పార్ సరిపోతుంది. అక్రోపోరా వంటి, పెంచడం కష్టమైన రాతి పగడాలు 250కి పైగా అడుగుతాయి. వాటి కోసం తయారైన లైటుకు ఇప్పుడే డబ్బు పోయడం వృథా. ఫోన్‌లోని లక్స్ యాప్‌లను నమ్మవద్దు. లక్స్ అన్నది మనిషి కంటికి బాగా కనిపించే ఆకుపచ్చ కాంతికి ఎక్కువ విలువ ఇచ్చే కొలత గనుక, నీలి లైటు కింద అది అసలు కంటే చాలా తక్కువ చూపుతుంది. ఇతర అభిరుచిపరుల దగ్గర పార్ మీటరును ఒక్కరోజుకు అరువు తెచ్చుకుని, తొట్టి అడుగున, మధ్యన, పైన కొలిచి రాసుకోవడం మేలు.

మూడవది: లైటు కొనడం, అమర్చడం

రెండడుగుల పొడవు, అడుగున్నర లోతు ఉన్న తొట్టికి పగడాల కోసమే తయారైన మధ్యస్థ ఎల్ఈడీ ఒకటి చాలు. నీలి, తెలుపు చానెళ్లను విడివిడిగా తగ్గించి పెంచుకునే వీలుండాలి, 420 నుంచి 480 నానోమీటర్ల నీలి కాంతి బాగా ఉండాలి. మొక్కల తొట్టికి వాడే లైటు ఇక్కడ పనికిరాదు. నీటి ఉపరితలానికి 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీస్తే వెలుగు ఒకే చోట గుచ్చుకోకుండా పరుచుకుంటుంది. ఉప్పునీటి తుంపరలు వైర్లను తినేస్తాయి కాబట్టి ప్లగ్గును తొట్టి కంటే పక్కకు జరిపి, వైరును కిందికి వంపు తిప్పి బిగించాలి.

నాలుగవది: పగడాలను వెలుగుకు అలవాటు చేయడం

కొత్తవారి దగ్గర పగడాలు చీకటి వల్ల కంటే అతి వెలుగు వల్లే ఎక్కువగా చనిపోతాయి. నత్రజని చక్రం (వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను బాక్టీరియా మార్చివేసే ప్రక్రియ) స్థిరపడి, అమ్మోనియా, నైట్రైట్ సున్నా అయ్యి, నీటిలో ఉప్పు ఎంతుందో చూపే సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర, ఉష్ణోగ్రత 25–26 డిగ్రీల దగ్గర నిలిచాకే తొలి పగడాన్ని తేవాలి. తెచ్చిన ఫ్రాగ్‌ను కోరల్ డిప్ అనే, పురుగులను వదిలించే ద్రావణంలో ముంచి, పురుగులు లేవని చూసి, తొట్టి అడుగున పెట్టాలి. లైటును ఉద్దేశించిన తీవ్రతలో సగంతో మొదలుపెట్టి వారానికి కొద్దిగా పెంచుతూ, రోజుకు 8 నుంచి 10 గంటలకు టైమరు పెట్టి వదిలేయాలి. తరువాత పగడమే చెబుతుంది: రంగు వెలిసిపోతుంటే, మష్రూమ్ కుంచించుకుపోతుంటే వెలుగు ఎక్కువైనట్లు; జోవాంథిడ్‌లు కాడలు సాగదీసుకుని పైకి లేస్తుంటే, రంగులు గోధుమవర్ణంలోకి తిరుగుతుంటే తక్కువైనట్లు. చోటు మార్చాక రెండు మూడు వారాలు ముట్టుకోకుండా చూడాలి.

రంగు వెలవడానికి ప్రతిసారీ లైటే కారణం కాదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో నీరు 30 డిగ్రీలు దాటితే, ఎంత మంచి లైటు కిందైనా పగడం తనలోని శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడిపోతుంది. ఇటువంటి ఊళ్లలో లైటుకు పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రానికి, కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపుకు కేటాయించాలి.