సంగటికి గ్లాసు కొలత వదిలేసి తూకం పట్టుకున్నా

తిరుపతిలో మా ఇంట్లో వారానికి మూడు రోజులన్నా సంగటి ఉండాల. అదే గ్లాసు, అవే నీళ్లు, కానీ ఒకరోజు ముద్ద మెత్తగా వస్తాది, ఇంకోరోజు రాయి మాదిరి గట్టిపడతాది, నీళ్లు తగ్గినాయేమో అనుకుని చానా రోజులు నీళ్లే మారుస్తా వచ్చినా. తప్పంతా పిండి కొలతలో ఉండింది.

డిజిటల్ కాటా మీద ఖాళీ గ్లాసు పెట్టి, సున్నా చేసి, నిండా నీళ్లు పోస్తే 200 గ్రాములు. నీళ్లకి 1 మిల్లీలీటరు అంటే దగ్గరదగ్గర 1 గ్రామే, అంటే గ్లాసు 200 మిల్లీలీటర్లది. అదే గ్లాసుకి బియ్యం 165 గ్రాములు తూగినాయి. రాగిపిండి స్పూన్‌తో మెల్లగా పోస్తే 110, డబ్బాలో ముంచి అదిమి తీస్తే 140! రెండు గ్లాసులకి 60 గ్రాములు తేడా, ఇంక ముద్ద గట్టిపడక ఏమైతాది. పిండిలో గాలి ఉంటాది, అదిమితే పోతాది, తూకానికి ఆ బాధ లేదు.

మా అవ్వ పడితోనే కొలిచేది, ఆమె చెయ్యి రోజూ ఒకే మాదిరి పడేది, నాకు ఆ చెయ్యి రాలేదు.

ఇప్పుడు బియ్యం 165, పిండి 220, నీళ్లు 1100 గ్రాములు, అన్నీ కాటా మీదే. మీ గ్లాసు వేరే సైజు ఉంటాది, ఒకసారి తూచి డబ్బా మూత మీద రాసిపెట్టుకోండి.