సాంకేతిక భాగస్వామి కోసం – 4వ పాఠం: పది శాతం అనే మాట

యాప్ తయారు చేయగల ఇంజనీరును వ్యాపారంలో భాగస్వామిగా వెతుక్కుంటున్న మీకు, ఈసారి ఆ ఇంజనీరుతో నెల రోజుల ఉమ్మడి పని గురించి చెబుతానని క్రితం పాఠంలో రాశాను. దానికి చివర్లో కొంచెం చోటు మిగులుతుంది. ముందు మీ ఉత్తరాల సంగతి చూడాలి. అవి చదివాక, మూడో పాఠంలో ఒక ముఖ్యమైన హెచ్చరిక, మొదటి కలయికలో వాటా శాతం మాట ఎత్తవద్దని, రాయకుండా వదిలేశానని అర్థమైంది.

మూడో పాఠం అభ్యాసం చిన్నదే. ఐదుగురు ఇంజనీర్లను కలవండి, మీరు పెట్టదలచిన వ్యాపారం గురించి పావుగంట చెప్పండి, వాళ్లు అడిగిన ప్రశ్నలు రాసుకోండి అన్నాను. చాలామంది వెళ్లి కలిశారు. కొత్తవాళ్ల ముందు కూర్చుని అలా మాట్లాడటం తేలిక కాదు. కానీ మీ ఉత్తరాల్లో నాకు ప్రశ్నలు కనిపించలేదు. ‘ఆలోచించుకుని చెబుతానన్నాడు’, ‘ఆఫీసు పనితో తీరిక లేదన్నది’, ‘జీతం ఎంత అని అడిగాడు’... ఇవే ఉన్నాయి. గాజువాక ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు నడిపే ఒకాయన ఐదుగురితో ఆగకుండా పదకొండు మందిని కలిశారు. అందరూ టీ తాగి, మర్యాదగా లేచి వెళ్లిపోయారట. "పనికొచ్చేవాళ్లంతా హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయారండీ, విశాఖలో మిగిలినవాళ్లకు తెగింపు లేదు" అని రాశారు.

ఈ మాట నేను ఒప్పుకోను. రుషికొండ మీది ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లున్నారు. అమ్మానాన్నలను చూసుకోవడానికి తిరిగి వచ్చి, మధురవాడ ఫ్లాటులో కూర్చుని వేరే ఊరి కంపెనీకి పనిచేసేవాళ్లున్నారు. ఆయన ఎదురుగా కూర్చున్న పదకొండు మందే అందుకు సాక్ష్యం. అందుకే ఆయన్ని ఒకటే అడిగాను: మొదటి రెండు నిమిషాల్లో మీరేం చెప్పారు? ఉన్నదున్నట్టు రాసి పంపారు. ఆ నిజాయితీ వల్లే ఈ పాఠం రాయగలుగుతున్నాను.

ముందు ఒక కాగితం మీద సంతకం అడిగారు, ఈ ఆలోచన బయట చెప్పనని. తర్వాత ఆలోచన చెప్పారు: దారిలో ఆగిపోయిన లారీకి కావలసిన భాగం ఏ కొట్టులో ఉందో చూపించే యాప్. ఆ పైన, "యాప్ మొత్తం నువ్వు తయారు చెయ్యి బాబూ, పది శాతం వాటా ఇస్తాను" అన్నారు.

సంతకం కాగితం గురించి ఎక్కువ చెప్పను. మొదటిసారి కలిసేటప్పుడు దాన్ని ఇంట్లో పెట్టి వెళ్లండి. ఖాతాదారుల పేర్లు, కొనుగోలు ధరలు చూపించే రోజు వస్తే అప్పుడు అడగవచ్చు.

పది శాతం సంగతి మాత్రం వదలను. ఎంవీపీ కాలనీ నుంచి ఇంటి వద్ద వృద్ధుల సేవకు మనుషుల్ని పంపే ఒకావిడ కూడా ఇదే అంకె రాశారు. ఒకరు ఐదు అన్నారు. ఒక విద్యార్థి రెండు శాతం అన్నాడు.

ఎదుటి మనిషికి ఏం వినిపించింది?

నెలకు లక్ష రూపాయలు సంపాదించే ఇంజనీరు ఒక ఏడాది మీతో జీతం లేకుండా పనిచేస్తే పన్నెండు లక్షలు వదులుకున్నట్టు. ఇంటి అప్పు వాయిదా ఆగదు. దానికి బదులుగా ఇంకా పుట్టని సంస్థలో పదోవంతు. మిగతా తొమ్మిది వంతులు మీవి. ఆ తొమ్మిది వంతులకు మీరు ఇప్పటిదాకా చేసిన పని ఏమిటి అని అతను మనసులో లెక్క వేసుకుంటాడు. చూపించడానికి మీ దగ్గర ఏమీ లేకపోతే, భాగస్వామిగా రమ్మంటున్నట్టు అతనికి అనిపించదు. కూలి డబ్బు ఎగ్గొట్టి కాగితం చేతిలో పెడుతున్నట్టు అనిపిస్తుంది. జీతం ఎంత అని అతను అడిగింది అందుకే. పని మనిషిని వెతుకుతున్నట్టు మాట్లాడితే పని మనిషిలాగే జవాబిస్తాడు.

మీ తొమ్మిది వంతులకు, లేదా ఐదు వంతులకైనా, బరువు ఎలా వస్తుంది? కోడు అవసరం లేని పని మీరు ముందే చేసి ఉండటం వల్ల. అమెరికాలో 1999లో నిక్ స్విన్‌మర్న్ చెప్పుల వ్యాపారం మొదలుపెట్టినప్పుడు గోదాము లేదు, సరుకు లేదు. దుకాణాలకు వెళ్లి బూట్ల ఫొటోలు తీసి వెబ్‌సైటులో పెట్టాడు. ఎవరైనా కొంటే ఆ దుకాణానికే వెళ్లి, అక్కడి ధరకే కొని పంపాడు. ఫొటో చూసి జనం బూట్లు కొంటారా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికింది. అదే జపోస్ అయింది.

అంత దూరం వెళ్లనక్కరలేదు. నేను ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు ఐసు సరఫరా చేసేదాన్ని. ఏ బోటు ఎప్పుడు ఫోను చేసింది, ఎన్ని దిమ్మలు అడిగింది, వేట నుంచి తిరిగొచ్చాక ఎన్నాళ్లకు డబ్బిచ్చింది, ఇవన్నీ రెండేళ్లపాటు ఒక పొడవాటి పుస్తకంలో రాశాను. ఒక బోటు యజమాని, "అమ్మా, మా అల్లుడు బెంగళూరు నుంచి వచ్చాడు, కంప్యూటరు పని, నీ పుస్తకం ఒకసారి చూపించు" అన్నాడు. ఆ అబ్బాయి పుస్తకం తిరగేసి మొదట అడిగిన ప్రశ్న: "ఈ రెండు నెలల పేజీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయండీ?" మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్ల వేటకు నిషేధం. నిషేధం ముగిసే వారంలో అన్ని బోట్లూ ఒక్కసారిగా ఐసు కోసం వస్తాయి. ఆ వారంలో ఎవరికి ముందు ఇవ్వాలి, ఎవరికి అప్పు పెట్టాలి అన్నదే నా అసలు సమస్య అని చెప్పాను. అతను మూడు గంటలు కూర్చున్నాడు. వాటా మాట ఆ రోజు ఎవరమూ ఎత్తలేదు. ఎత్తింది నాలుగో నెలలో, అదీ అతనే.

ఇలాంటి మనిషిని నేను వెతకలేదు, నా ఖాతాదారుడే తీసుకొచ్చాడు. అందుకే ఎక్కడ వెతకాలి అన్న ప్రశ్నకు నా మొదటి జవాబు ఎప్పుడూ ఇదే: మీ వ్యాపారంతో బతికే కుటుంబాల్లో చూడండి. లారీ యజమానుల కొడుకులూ కూతుళ్లూ ఎంతమంది ఇంజనీర్లో ఆటోనగర్‌లో అడగండి. ఇళ్లలో అతిథులకు బస ఏర్పాటు చేసే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ కథలోనూ అంతే. 2007లో బ్రయాన్ చెస్కీ, జో జెబియా తమ అద్దె ఇంట్లో గాలి పరుపులు వేసి ముగ్గురు అతిథులను దించుకున్నారు. ఆ తర్వాత వాళ్లతో కలిసిన ఇంజనీరు నేథన్ బ్లెచార్జిక్, ఒకప్పుడు జెబియాతో ఒకే ఇంట్లో ఉన్నవాడు. కొత్త సంస్థలకు చేయూతనిచ్చే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంక్యుబేషన్ కేంద్రం, సిరిపురంలో జరిగే సమావేశాలు, ఇవి రెండో దారి. చివరి ఏడాది విద్యార్థులను మాత్రం నేను తీసుకోను. క్యాంపస్ నియామకాల ఉత్తరం చేతికొచ్చిన రోజున ఆ పిల్లల మీద ఇంట్లో ఎంత ఒత్తిడి ఉంటుందో చూశాను.

భయానికి మందు శాతం తగ్గించడం కాదు

మీరు పది శాతం ఎందుకంటున్నారో నాకు తెలుసు. ‘సగం రాసిచ్చాక వెళ్లిపోతే?’ చాలా ఉత్తరాల్లో ఈ భయమే ఉంది. భయం న్యాయమైనదే. నాకు జరిగింది కూడా. ఐసు పుస్తకం చూసిన అబ్బాయికి ముందు నాకు ఇంకో భాగస్వామి ఉండేవాడు. చెరి సగం అనుకుని కంపెనీ నమోదు చేయించాం. ఏడో నెలలో విదేశంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. సగం షేర్లు అతని పేరునే ఉన్నాయి. పెట్టుబడి పెడతానన్న ఒక పెద్దమనిషి ఆ షేర్ల పట్టిక చూసి, "పని చేయని మనిషికి సగం ఉంటే నా డబ్బు ఎవరికోసం?" అని లేచారు. ఆ కంపెనీని మూసేసి కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది.

అమెరికాలో కార్లు గంటల లెక్కన అద్దెకిచ్చే జిప్‌కార్ వ్యవస్థాపకులిద్దరు, రాబిన్ చేజ్, ఆంట్యే డేనియల్సన్, మొదట్లోనే చెరి సగం అని చేయి కలిపారు. చేజ్ పూర్తి సమయం ఆ పనిలో దిగారు. డేనియల్సన్ హార్వర్డ్‌లో ఉద్యోగం వదలలేదు. ఆ కరచాలనం తర్వాత ఇద్దరి మధ్య మనస్పర్థగా మారింది. ఇద్దరూ సమర్థులే. తప్పంతా కాలంతో ముడిపెట్టకుండా వాటా పంచుకోవడంలో ఉంది.

కాలంతో ముడిపెట్టడాన్నే వెస్టింగ్ అంటారు. మన తీరంలో ఇది కొత్త సంగతేమీ కాదు. పడవల మీద వేటకు వెళ్లేవాళ్లు దొరికిన చేపలో వంతులు పంచుకుంటారు. వెళ్లిన వేటకే వంతు. ఒక రోజు వెళ్లినవాడికి ఆ పడవలో జీవితాంతం వంతు ఇవ్వమని ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. రోజూ వెళ్లేవాడికి వంతు తగ్గించాలని కూడా ఎవరూ అనుకోరు.

స్టార్టప్‌లలో ఎక్కువగా వాడే పద్ధతి నాలుగేళ్లు, అందులో మొదటి ఏడాది గడప. ఆ గడపను క్లిఫ్ అంటారు. లెక్క చూడండి. కంపెనీలో 10,000 షేర్లు. మీకు 5,200, ఇంజనీరుకు 4,800. నాలుగేళ్లంటే 48 నెలలు, కాబట్టి నెలకు 100 షేర్లు అతని సంపాదన. తొమ్మిదో నెలలో వెళ్లిపోతే ఒక్కటీ రాదు, గడప దాటలేదు కాబట్టి. పన్నెండో నెల నిండగానే 1,200 ఒకేసారి అతనివవుతాయి. ఆ తర్వాత నెలనెలా వంద. ఇరవై నెలలకు వెళితే 2,000. ముప్పై నెలలకు వెళితే 3,000 తీసుకుని 1,800 వదిలేస్తాడు.

ఇప్పుడు చెప్పండి, 48 శాతం ఇవ్వడానికి భయమెందుకు? ఉన్నవాడికి 48, వెళ్లినవాడికి ఉన్నంత కాలానికి. అదే పది శాతం ఒకేసారి రాసిచ్చి, అతను మూడో నెలలో వెళ్లిపోతే, ఆ పది ఎప్పటికీ పోయినట్టే. పదికంటే నలభై ఎనిమిది క్షేమం అని చెప్పడానికే ఇంత సాగదీశాను.

ఇదే షరతు మీ 5,200 షేర్లకూ ఉండాలి. ‘ఆలోచన నాది కదా, నాకెందుకు?’ అని అడగబోయేవాళ్లకు: రేపు మీరే విసిగి ఉద్యోగంలో చేరితే, కోడు రాస్తూ మిగిలిన మనిషి గతి ఏమిటి? ఈ షరతు ఇద్దరికీ సమానంగా ఉందని చెప్పిన క్షణంలో ఎదుటివాళ్ల ముఖంలో వచ్చే మార్పు నేను చూశాను.

కాగితం మీద ఎలా? మన దగ్గర సాధారణంగా షేర్లు మొదటే పేరున ఇచ్చి, వెళ్లిపోతే ఇంకా సంపాదించుకోని షేర్లను ముఖవిలువకు అవతలి వ్యవస్థాపకుడికి బదిలీ చేయాలని ఒప్పందం రాసుకుంటారు. పై లెక్కలో ముప్పై నెలలకు వెళ్లినవాడు వదిలేసే 1,800 షేర్లకు, ఒక్కోటి పది రూపాయల ముఖవిలువ అయితే, 18,000 రూపాయలు. ఈ షరతు ఒప్పందంతో పాటు కంపెనీ నియమావళిలో (ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్) కూడా ఉండాలి. షేర్ల బదిలీపై నియమావళిలో లేని ఆంక్షకు కంపెనీ కట్టుబడనక్కరలేదని సుప్రీంకోర్టు గతంలో చెప్పింది. మొదటే చేయించండి. తర్వాత నియమావళి మార్చాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి, దానికి నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి, వెళ్లిపోయిన మనిషి చేతిలో 48 శాతం ఉంటే ఆ తీర్మానం నెగ్గదు. పన్ను సంగతి కంపెనీ సెక్రటరీతోనో చార్టర్డ్ అకౌంటెంటుతోనో మాట్లాడండి, ఆ ఫీజు దగ్గర పొదుపు చేయవద్దు. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు కావాలన్నది నిజమే. ఆ సంఖ్య కోసమని నిన్న పరిచయమైన ఇంజనీరును ఇరికించకండి.

నెల రోజుల ఉమ్మడి పని

వాటాకు ముందు ఒక నెల కలిసి పనిచేయండి. ఒక చిన్న పని, ఒక గడువు. నా అలవాటు, వారానికి ఒకసారి ఉదయం ఆరింటికి బీచ్ రోడ్డు మీద నడుస్తూ మాట్లాడటం. ఎదురెదురుగా కూర్చుంటే చెప్పని విషయాలు పక్కపక్కన నడుస్తూ చెబుతారు.

ఆ నెలలో రాసిన కోడు ఎవరిది అన్నది మొదటి రోజే రాసుకోవాలి. కాపీరైటు చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందికి వస్తుంది. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే యజమానిది. మీ పరిస్థితిలో అతను ఇంకా మీ ఉద్యోగి కాదు, కాబట్టి రాసినవాడిదే. మీకు లేదా కంపెనీకి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షను చెబుతుంది. ఈ రెండు ఖాళీలూ నింపండి. అతను వేరే కంపెనీలో ఉద్యోగి అయితే తన నియామక ఒప్పందాన్ని ఒకసారి చదువుకోమనండి, ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మీ పని ముట్టుకోవద్దనండి. డొమైను, సర్వరు, యాప్ స్టోర్ ఖాతాలు మీ ఇద్దరికీ అందే ఈమెయిలు మీద ఉండాలి.

అభ్యాసం

ఈసారిది కష్టం. యాప్ లేకుండా మీ సేవను ఫోను, నోటు పుస్తకంతో 21 రోజులు నడపండి. కనీసం 30 మంది అసలు ఖాతాదారులు, ప్రతి కోరికా తేదీ, సమయంతో రాసి ఉండాలి. బంధువులను లెక్కలోకి తీసుకోను. తీర్చలేకపోయిన కోరికలకు ఎర్ర సిరా వాడండి, ఇంజనీరు మొదట చదివేది వాటినే.

దానితో పాటు 10,000 షేర్లతో మీ సొంత వెస్టింగ్ పట్టిక చేతితో వేయండి. భాగస్వామి 5, 13, 26, 40 నెలలకు వెళితే ఎన్ని ఉంటాయి, ఎన్ని తిరిగొస్తాయి. తర్వాత అవే నెలల్లో మీరే వెళ్లిపోతే అని మళ్లీ వేయండి.

ఆ తర్వాత మళ్లీ ఐదుగురిని కలవండి. శాతం మాట నోటి వెంట రాకూడదు. ఈసారి నాకు ప్రశ్నలు కావాలి, కనీసం పదిహేను.

ఆటోనగర్ ఆయనకు ఒక అదనపు పని. అడిగినా మీ కొట్టులో లేని విడిభాగాల పట్టీ 21 రోజులూ రాయండి, ఆ లారీ ఎన్ని గంటలు ఆగిపోయిందో పక్కనే రాయండి. పన్నెండో ఇంజనీరును కలవడానికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం ఒక్కటే తీసుకెళ్లండి.