మా ఊరి వాన లెక్క, అల్మెరియా వాన లెక్క

అనంతపురం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. నాలుగేళ్లుగా మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు స్పెయిన్‌లో అల్మెరియా ప్రాంతంలోని ఒక బడి పిల్లలతో కలిసి పర్యావరణం పాఠాలు నేర్చుకుంటున్నారు. ఎట్లా మొదలుపెట్టాలి మేడం అని తోటి టీచర్లు అడుగుతుంటారు. నాకు తెలిసింది రాస్తున్నాను.

పోస్టర్లు, నినాదాలు, ర్యాలీ ఫోటోలు పంపుకోవడంతో మొదలుపెట్టకండి. మొదటి ఏడాది మేం చేసింది అదే. వాళ్లు భూగోళం బొమ్మ గీసి పంపారు, మేమూ భూగోళం బొమ్మ పంపాం. అందులో మా చెరువూ లేదు, వాళ్ల ఊరూ లేదు. పది రోజులకు పిల్లలు మరిచిపోయారు. రెండో ఏడాది రెండు బడులూ ఒకే వస్తువును ఏడాది పొడుగునా ఒకే పద్ధతిలో కొలవాలని ఒప్పందం చేసుకున్నాం. కొలవాల్సింది వాన అని మా పిల్లలే చెప్పారు.

జత బడిని వెతికేటప్పుడు మీ ఊరి కష్టమే వాళ్లకూ ఉందా అని చూడండి. మాకు ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు. అల్మెరియాలో సుమారు 200. యూరప్‌లోకెల్లా ఎండిన ప్రాంతాల్లో అదొకటి. అక్కడా టమోటానే, అక్కడా డ్రిప్పే. వేల హెక్టార్ల నేల మీద ప్లాస్టిక్ కప్పిన గ్రీన్‌హౌసులు. భూగర్భజలం తోడీ తోడీ సముద్రం పక్కనున్న బావుల్లోకి ఉప్పునీళ్లు చేరాయి. మాకు సముద్రం లేదు గానీ ఎండిన బోరు లేని ఇల్లు ఊళ్లో దొరకడం కష్టం. ఇక చెప్పుకోవడానికి మాటలకు కొదువేముంది?

ఒక జాగ్రత్త మాత్రం మా జిల్లావాళ్లం తీసుకోవాలి. 1969లో స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ గారు ఇక్కడి పేదలకు సేవ చేయడానికి వచ్చినప్పటి నుంచి మా పల్లెల్లో స్పెయిన్ అంటే సాయం చేసే దేశమనే లెక్క. ఆ రుణం మరవలేనిది. కానీ బడుల జతలో ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు అనే తేడా రాకూడదు. అందుకే తొలి ఉత్తరంలోనే రాశాను: మీరు మాకు ఏ వస్తువూ పంపొద్దు, మీ వాన లెక్క పంపండి, మా లెక్క మేం పంపుతాం.

వానమాపకం తయారీకి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా చాలు. మెడ కింద వెడల్పు మొదలయ్యే చోట కోసి, ఆ పై ముక్కను తలకిందులుగా గరాటులా లోపల దించండి. సీసా అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ గీత గీసి సున్నా అనుకోండి. దాని పైనుంచి స్కేలు అతికించండి. మూతి నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా ఇటుకల మధ్య నిలబెట్టండి. గోడైనా చెట్టైనా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరం ఉండాలి. మావాళ్లు మొదట వేపచెట్టు కింద పెట్టారు, ఎండకు సీసా పాడవుతుందని! నీళ్లు చూసే వేళ రోజూ పొద్దున ఎనిమిదిన్నర. మన వాతావరణ శాఖ వాన లెక్క కట్టేదీ ఆ వేళకే. చూశాక సున్నా గీత దాకా ఉంచి మిగతాది పారబోయాలి. ఆదివారాలకు, సెలవులకు బడి పక్కనే ఇల్లున్న పిల్లను పెట్టుకోండి.

వాన లేని రోజు సున్నా రాయాలి. చూడని రోజు గడి ఖాళీగా వదలాలి. ఈ తేడా పిల్లలకు నేర్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. మరిచిపోయానని ఒప్పుకోవడం కంటే సున్నా పెట్టేయడం సులువు కదా. ఖాళీ గడికి నేను తిట్టనని నమ్మకం కుదిరాకే లెక్క నిజమైంది.

అక్టోబరులో వాళ్ల మొదటి పట్టిక వచ్చింది. "12,5 లీటర్లు" అని ఉంది. మా తరగతంతా గందరగోళం. నూటఇరవై ఐదా? లీటర్లంటే ఏ బిందెలో పట్టారు? నేను చెప్పలేదు, వాళ్లనే అడగమన్నాను. జవాబు వచ్చింది: అక్కడ దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, వానను చదరపు మీటరుకు ఇన్ని లీటర్లని చెప్పుకుంటారు. మా వెంకటేశు బోర్డు దగ్గరికి పోయి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మిల్లీమీటరు ఎత్తు గుణించి, "రెండూ ఒకటే మేడం!" అని అరిచాడు. అదే రోజు బడి మిద్దె కొలిచారు. 20 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. అంతకు ముందు వారం పడిన 22 మిల్లీమీటర్లకు 3,960 లీటర్లు. అన్ని నీళ్లూ ఎక్కడికి పోయాయని గేటు దాటి, రోడ్డు దాటి, వంక దాకా జాడ పట్టుకుని పోయారు. ఇలాంటి రోజు వచ్చినప్పుడు సిలబస్ సంగతి పక్కన పెట్టి పిల్లల వెంట నడవండి.

మా పట్టికలో మేం ఒక గడి అదనంగా చేర్చాం. ఒక వానకు అనిత లేచి, "మా తాత పదును కాలేదంటున్నాడు మేడం" అంది. విత్తనం వేయడానికి నేలలో తడి చాలలేదని. మిల్లీమీటర్లు ఉన్నా పదును లేదేమిటని పిల్లలు చేలల్లోకి పోయి తవ్వి చూశారు. ఎర్రనేలలో తడి జానెడు దిగింది. నల్లరేగడిలో బెత్తెడు కూడా లేదు. అప్పటి నుంచి వాన పక్కన పదును గడి ఉంది: మట్టి పిడికిట పడితే ఉండ కట్టిందా, లేదా. ఇంగ్లీషులో దీన్ని వివరించడానికి పిల్లలు ఒక పూటంతా తంటాలుపడ్డారు. చివరికి ఉండ కట్టిన మట్టి ఫోటో తీసి పంపారు. వారం తిరక్కుండా అక్కడి పిల్లలూ పొలాల మట్టి పిడికిట పట్టిన ఫోటోలు పంపారు.

ఆ తర్వాత ప్రశ్నలు వాటంతటవే వచ్చాయి. పాత మల్చింగ్ షీటు, అంటే మొక్కల చుట్టూ నేల మీద కప్పే ప్లాస్టిక్, మీరేం చేస్తారని అక్కడి అమ్మాయి అడిగింది. డ్రిప్ పైపులైతే పాత సామాన్లవాళ్లు కొంటారు, మరి షీటు? ఒక శనివారం గట్ల వెంట తిరిగి చూస్తే కాల్చిన బూడిద కుప్పలు కనిపించాయి. మా నాయన కూడా కాలుస్తాడని ఇద్దరు పిల్లలు రాశారు. రాయనిచ్చాను.

కొన్ని చిన్న విషయాలు. హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోండి. పిల్లల ఫోన్ నంబర్లు, ఇంటి పేర్లు పంపకండి. ఉత్తరాలన్నీ టీచర్ల ద్వారానే నడవాలి. వీడియో కాల్ కోసం ఆరాటపడొద్దు, మా నెట్‌కు వాయిస్ మెసేజులే నయం. కాల్ పెట్టుకుంటే టైము చూసుకోండి: అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా స్పెయిన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, మిగతా రోజుల్లో మూడున్నర. ఒకసారి ఇది తెలియక గంటసేపు కాచుకుని కూర్చున్నాం.

జూన్‌లో మనకు బడి తెరిచిన కొన్నాళ్లకే వాళ్లకు వేసవి సెలవులు, మళ్లీ సెప్టెంబరులోనే తెరుస్తారు. మన వానల్లో ఎక్కువ భాగం ఆ మధ్యలోనే. అందుకని మా లెక్కలు కూడబెట్టి సెప్టెంబరు మూడో వారంలో ఒకేసారి పంపుతాం. వాళ్లవి అక్టోబరు నుంచి వస్తాయి. పదో తరగతి పిల్లలను ఈ పనిలో పెట్టకండి, పరీక్షల భయంలో సీసా ఎవరూ చూడరు. తొమ్మిదో తరగతివాళ్లు మార్చిలోనే వాన పుస్తకాన్ని ఎనిమిదో తరగతికి అప్పగించాలి. అప్పగించే ముందు పాతవాళ్లూ కొత్తవాళ్లూ నెలరోజులు పక్కపక్కన నిలబడి సీసా చూడాలి. ఆ నెలలో ఎక్కువగా సున్నాలే ఉంటాయి, అయినా చూడాలి.